కొండ గని కాకముందు

బళ్ళారి ప్రాంతమున పుట్టి పెరిగిన బాలబాలికలకు ఇనుప ఖనిజమును గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. సండూరు వైపు, హోసపేట వైపు పోవు త్రోవలలో ఎఱ్ఱదుమ్ము పట్టిన చెట్లను, టార్పాలిను కప్పుకొని బారులు తీరిన లారీలను వారు చూచియే యుందురు. ఇంటిలో ఒకరో, ఇరుగు పొరుగున ఒకరో గనిలో గాని, లారీ మీద గాని, తోరణగల్లు ఉక్కు కర్మాగారమున గాని పని చేసినవారై యుందురు. అయినను, "ఆ కొండలో త్రవ్వదగినంత ఇనుమున్నదని ఎట్లు తెలిసికొనిరి? తెలిసిన మఱునాడే త్రవ్వ మొదలిడిరా?" అని అడిగినచో పెద్దలు సైతము కొంచెము తడుముకొందురు.

రాయి కనబడుట వేఱు, గని ఏర్పడుట వేఱు. ఈ రెంటి నడుమ తఱుచుగా పది యిరువది యేండ్ల కాలము గడచును. ఆ కాలమంతయు ఒక్క పరుగు కాదు. అది వరుసగా నున్న ద్వారముల వంటిది. ప్రతి ద్వారము కడను నిలిచి, ఇంతవరకు తెలిసినదేమి, ఇక తెలియవలసినదేమి, దానికి అగు ఖర్చెంత, ఆ ఖర్చు పెట్టుట తగునా అని ప్రశ్నించుకొనవలెను. తగదని తేలినచో అక్కడనే ఆగవలెను. ఖనిజాన్వేషణ పథకమును నడుపువాని పని ముఖ్యముగా ఇదియే. యంత్రములు త్రిప్పుట, కూలీలను పెట్టుట దీని తరువాతి మాట.

మన జిల్లా రాళ్ళను శాస్త్రీయముగా పరిశీలించి గ్రంథస్థము చేసినవారిలో ముఖ్యుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. 1851లో ఏర్పడిన భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో ఆయన 1858లో చేరెను. మద్రాసు చెంత పల్లావరమున 1863లో పాతరాతి యుగపు చేతిగొడ్డలిని గుర్తించి ప్రసిద్ధి కెక్కినవాడును ఆయనయే. బళ్ళారి జిల్లా భూగర్భమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1895లో వెలువడెను. ఆనాటి బళ్ళారి జిల్లా నేటిది కాదు. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అందు చేరియుండెను. అవి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రములో కలిసెను. సండూరు అప్పుడొక చిన్న సంస్థానము; చుట్టును బళ్ళారి జిల్లా యుండగా నడుమ దీవి వలె నుండెను. సంస్థానములు పోయినవి, జిల్లాలు మాఱినవి. ఆయన పటములలోని రాళ్ళు మాత్రము ఉన్నచోటనే యున్నవి.

ఫుట్ దొరకు చాల ముందే ఇక్కడ అన్వేషకులుండిరి. బళ్ళారికి చేరువ నున్న సంగనకల్లు కొండల మీద, సుమారు నాలుగు వేల యేండ్ల క్రిందట, నవీన శిలాయుగపు జనులు గొడ్డళ్ళు చేసిరి. కొండంతయు గ్రానైటే అయినను వారు దానిని వాడలేదు. గ్రానైటును చీల్చుకొని వచ్చిన నల్లని డోలరైటు రాతి పట్టీని వెదకి పట్టుకొని, దానినే కొట్టి, నూఱి గొడ్డళ్ళు తీసిరి. ఏ రాయి దేనికి పనికివచ్చునో తెలిసికొనుట, అది ఎక్కడ నున్నదో కనిపెట్టుట, తీసినది శ్రమకు తగునా అని చూచుట: అన్వేషణకు కావలసిన మూడును వారి కడ కలవు.

ఫుట్ తన గ్రంథమున సండూరు కొండల ఇనుప రాళ్ళను వర్ణించెను. అయినను వెంటనే అక్కడ ఇనుప గనులు వెలసెనా? లేదు. ఆ కొండలలో మొదట పెద్ద యెత్తున త్రవ్వబడినది ఇనుము కాదు, మాంగనీసు. ఆ పని 20వ శతాబ్దపు తొలి దశకమున ఆరంభమయ్యెను. స్వదేశీయుల యాజమాన్యమున సండూరు మాంగనీసు, ఇనుప ఖనిజముల కంపెనీ 1954లో ఏర్పడెను. కేంద్ర ప్రభుత్వము జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థను 1958లో స్థాపించెను. దాని ప్రధాన కార్యాలయము హైదరాబాదున కలదు. ఆ సంస్థవారి దోణిమలై ఇనుప గని 1977లో పని ప్రారంభించెను. గ్రంథము నుండి గనికి 82 సంవత్సరములు! రాయి మాఱలేదు. మాఱినవి కొనువాడు, రైలు, యంత్రము, ధర.

ఇక దశలను గూర్చి చెప్పుదును. మొదటిది తలంపు. ఒక చోట ఖనిజ ముండవచ్చునని అనుకొనుటకు కారణము కావలెను. సండూరు కొండల విషయమున ఆ కారణమిట్టిది: సుమారు 270 కోట్ల యేండ్ల క్రిందట ఇక్కడ సముద్రముండెను. ఆ నీటిలో కరిగియున్న ఇనుము, సిలికా పొరలు పొరలుగా అడుగున పేరుకొనెను. అవియే గట్టిపడి, మడతలుపడి, పైకి లేచి నేటి చారల రాళ్ళైనవి. ఒక చార ఎఱ్ఱనిది, ఒక చార తెల్లనిది. ఈ చారల రాతిలో ఇనుము కలదు గాని కొలిమికి చాలినంత లేదు. ఎక్కడెక్కడ నీరు యుగముల తరబడి దిగి సిలికాను కరిగించి కొనిపోయెనో, అక్కడక్కడ మాత్రము ఇనుము చిక్కబడి మంచి హెమటైటు మిగిలినది. శుద్ధమైన హెమటైటులో నూటికి 70 వంతులు ఇనుమే. కావున అన్వేషకుడు "ఈ కొండలో ఇనుమున్నదా?" అని అడుగడు, "ఈ కొండలో నీరెక్కడ దిగినది? ఎంత లోతుకు దిగినది?" అని అడుగును. సరియైన ప్రశ్న వేయుటతో పని సగమైనట్లే.

తలంపు మాత్రమే చాలదనుటకు మన పొరుగుననే చక్కని నిదర్శనము కలదు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, మద్దికెర, జొన్నగిరి, వజ్రకరూరు పొలములలో జనులు వంగి వంగి వజ్రములు వెదకుట మనమెఱిగినదే. మన జిల్లా నుండియు పోవువారు కలరు. వాన మన్నును కడుగగా ఒకరికి ఒక రాయి దొరకును. వేయి మందికి ఏమియు దొరకదు. దొరకిన వజ్రము అదృష్టమే గాని, అది గని యున్నదనుటకు రుజువు కాదు. ఆ రాయి ఎక్కడి నుండి కొట్టుకొని వచ్చెను? తల్లి రాయి ఏది? ఈ ప్రశ్నకు 1884లో చాపర్ అను ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒక సమాధానమిచ్చెను. వజ్రకరూరు చెంత పెగ్మటైటు అను రాతిలోనే వజ్రములు కనుగొంటినని ప్రకటించెను. అది నిజమైనచో దక్షిణ దేశమున ఎన్నో చోట్ల నున్న పెగ్మటైటులన్నిటిని త్రవ్వవలసి వచ్చెడిది. ఫుట్ స్వయముగా ఆ స్థలమునకు పోయి పరీక్షించి, 1889లో తన సందేహములను ప్రకటించెను. ఆ పిమ్మటి పరిశోధనలలో అక్కడి వజ్రములకు తల్లి రాయి పెగ్మటైటు కాదనియు, దక్షిణాఫ్రికాలో వలె భూమి లోతుల నుండి గొట్టము వలె పైకి పొడుచుకొని వచ్చిన కింబర్లైటు అనియు తేలినది. భూగర్భ సర్వేక్షణ శాఖవారు ఆ ప్రాంతమున అట్టి గొట్టములను పెక్కింటిని గుర్తించిరి. ఇన్ని తెలిసియు, వజ్రకరూరున వ్యాపారస్థాయి గని నేటికిని ఏర్పడలేదు. గొట్టమున్నంత మాత్రమున వజ్రములుండవు. వజ్రములున్నను త్రవ్వుడు ఖర్చు రావలెను గదా.

రెండవది నేల మీది పని. మొదట పటములు, ఆకాశము నుండి తీసిన చిత్రములు చూచి, అయస్కాంత ప్రభావమును, గురుత్వాకర్షణలోని స్వల్ప భేదములను కొలిచి, విశాలమైన ప్రదేశము నుండి కొలది చోట్లను ఏఱుకొందురు. పిదప మనుష్యులు సుత్తియు, దిక్సూచియు చేతబట్టి నడుతురు. బయటపడిన రాతిని కొట్టి చూతురు; అది ఏ దిక్కునకు వాలియున్నదో కొలుతురు; వాగులలోని ఇసుకను కడిగి చూతురు; రాయి కనబడని చోట కందకములు, గుంతలు త్రవ్వుదురు. ఈ దశలో వ్యయము తక్కువ, తెలియునది ఎక్కువ. తొందరపడి దీనిని దాటినవారు పిమ్మట పదింతలు చెల్లింతురు.

మూడవది డ్రిల్లింగు. ఖర్చంతయు ఇచ్చటనే మొదలగును. మన రైతులు నీటికై వేయించు బోరుకును దీనికిని ఒక భేదమున్నది. నీటి బోరు రాతిని పొడి చేసి పైకి చిమ్మును. మనకు కావలసినది రంధ్రము, రాయి కాదు. ఖనిజపు బోరునకు కావలసినది రాయియే. బోలుగా నున్న ఉక్కు గొట్టము కొనకు వజ్రపు రవ్వలు పొదిగి త్రిప్పగా, నడుమ నున్న రాయి చెక్కుచెదరక కడ్డీ వలె గొట్టములో నిలుచును. దానిని కోరు అందురు. మీటరు తరువాత మీటరుగా పైకి తీసి, పెట్టెలలో వరుసగా పేర్చి, ఏ ముక్క ఎంత లోతు నుండి వచ్చెనో దాని చెంతనే వ్రాయుదురు. ఆ పెట్టెల ముందు కూర్చుండుట కొండను నిలువున కోసి చదువుట వంటిది.

ఆ కడ్డీని నిడుపున రెండుగా కోసి ఒక సగమును రసాయన పరీక్షకు పంపుదురు. రెండవ సగమును భద్రపఱతురు. ఈ రెండవ సగము ఎందులకని కొందఱకు తోచవచ్చును. 1997లో ప్రపంచమంతటిని నివ్వెఱపఱచిన ఒక ఉదంతమే దీనికి సమాధానము. బ్రె-ఎక్స్ అను కెనడా కంపెనీ ఇండొనీషియాలోని బుసాంగున అపారమైన బంగారమున్నదని చాటెను. దాని వాటాల విలువ ఆకాశమంటెను. ఆ కంపెనీవారు కోరును సగము దాచక మొత్తమును పొడి చేసి పరీక్షకు పంపుచుండిరి. వేఱొక సంస్థ స్వయముగా బోర్లు వేసి చూడగా చెప్పుకొనదగినంత బంగారమే లేదని తేలెను. పొడిలో ఎవరో బంగారు రజను కలిపిరి. సగము కోరు దాచి యుండినచో ఆ మోసము అంత కాలము సాగెడిది కాదు. అందుచేతనే నేడు మంచి అన్వేషకులు పరీక్షాశాలకు పంపు నమూనాల నడుమ తమకు విలువ తెలిసిన నమూనాలను, ఏ లోహమును లేని వట్టి రాయిని గూడ గుర్తు తెలుపక చేర్తురు. పరీక్షించువారినే పరీక్షించుట యన్నమాట. ఉపాధ్యాయులకు ఈ పద్ధతి నచ్చకపోదు.

బోర్లు మొదట దూరదూరముగాను, ఫలితము బాగుగా నున్నచో దగ్గఱగాను వేయుదురు. మన దేశమున అన్వేషణను నాలుగు మెట్లుగా విభజించి జి-4 నుండి జి-1 వరకు పేర్లు పెట్టిరి. జి-4 అనగా పైపై పరిశీలన. జి-1 అనగా వివరమైన అన్వేషణ. మెట్టు ఎక్కినకొలది నిల్వను గూర్చిన మన జ్ఞానము గట్టిపడును. గ్రామములలో "మా ఊరి క్రింద ఇన్ని కోట్ల టన్నులున్నవట" అను మాట పుట్టినప్పుడు, అది ఏ మెట్టు నుండి చెప్పిన మాట అని అడుగవలెను. నాలుగవ మెట్టు అంకెకును, ఒకటవ మెట్టు అంకెకును ఎంతో అంతరము.

ఎనిమిదవ తరగతి విద్యార్థులు చేయగల లెక్క నొకదానిని ఇచ్చుచున్నాను. ఇది ఊహామాత్రము, ఏ గనిదియు కాదు. ఒక ఖనిజపు పొర 400 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల మందము గలదని బోర్ల వలన తేలినది. ఘనపరిమాణము 8 లక్షల ఘనపు మీటర్లు. ఘనపు మీటరు బరువు 3.5 టన్నులైనచో నిల్వ 28 లక్షల టన్నులు. ఏటికి 2 లక్షల టన్నులు తీసినచో గని 14 సంవత్సరములు నడచును. ఇప్పుడు బరువును కొలుచుటలో పొరపాటు జరిగినదనుకొనుడు. రాయి గుల్లగా నుండి 3 టన్నులే తూగినది. నిల్వ 24 లక్షలకు దిగెను. గని ఆయువు రెండేండ్లు తగ్గెను. పొర సగటు మందము 20 గాక 15 మీటర్లే యని గూడ తేలినచో మిగులునది 18 లక్షలు, తొమ్మిదేండ్లు. బ్యాంకు అప్పు పండ్రెండేండ్లకు తీర్చునట్లు తెచ్చియుండిన యజమాని గతి ఏమి? అక్కడ ఇల్లు కట్టుకొన్న కార్మికుని గతి ఏమి? రెండు బోర్లు తక్కువ వేసి మిగిల్చిన డబ్బు ఇట్లు బదులు తీర్చుకొనును.

ఆగుటయే వివేకమని పైన వ్రాసితిని. అయితే ప్రతిసారియు ఆగుటయే సరి యని గాదు. కోలారు బంగారు గనుల చరిత్ర దీనికి ప్రసిద్ధోదాహరణము. 1880లలో మైసూరు గోల్డ్ మైనింగు కంపెనీవారు తెచ్చిన సొమ్ము దాదాపు వ్యయమైపోయెను, బంగారము కనబడలేదు. వాటాదారులు చాలించుదమనిరి. నిర్వాహకులైన జాన్ టేలర్ కంపెనీవారు మిగిలినదానిని గూడ పెట్టి చూతమని వారిని ఒప్పించిరి. పూర్వులు త్రవ్వి విడిచిన గుంతల క్రిందికి లోతుగా పోయి చూడగా, ప్లమ్మర్ అను గని అధికారికి చాంపియన్ రీఫ్ అను ప్రఖ్యాతమైన బంగారు పట్టీ దొరకెను. ఆ గనులు 2001 వరకు నడచెను. దీనిని ధైర్యమునకు కథగా చెప్పుదురు. నాకు మాత్రము ఇందు ధైర్యము కంటె తర్కమే మిన్నగా తోచును. ప్రాచీనులు శ్రమపడి లోతుగా త్రవ్విన చోట వట్టి రాయికై త్రవ్వి యుండరు. వారు ఆగినది బంగారము ముగిసి కాదు, నీరు ఊరి, సాధనములు చాలక. ఆధారమున్నందున సాగించుటయు, ఆశ మాత్రమే యున్నందున సాగించుటయు ఒక్కటి కావు.

జొన్నగిరి సంగతియు ఇట్టిదే. అశోకుని శాసనములున్న ఎఱ్ఱగుడికి చేరువ నున్న ఆ ప్రాంతమున ప్రాచీనుల త్రవ్వకపు గుర్తులు కలవు. భూగర్భ సర్వేక్షణ శాఖ పరిశీలించిన మీదట ఒక ప్రైవేటు సంస్థ అన్వేషణ సాగించెను. 2013లో గని లీజు వచ్చెను. లీజు వచ్చిన పదేండ్లకు గూడ పని ప్రయోగ స్థాయిని దాటుటకు ప్రయత్నించుచునే యుండెను. బంగారమున టన్ను రాతికి ఒకటి రెండు గ్రాములను గూర్చి లెక్క; భూమిని కొనవలెను, రాతిని నలుగగొట్టవలెను, నీరు తేవలెను. ఆలస్యము కేవలము అలసత్వము వలననే కలుగదు.

నాలుగవది, గని సాధ్యమా యని తేల్చు దశ. ఖనిజమున్నదని రుజువైనది, ఇక లాభముగా తీయగలమా? మీది మన్ను ఎంత తొలగింపవలెను? దానినెక్కడ పోయవలెను? వానకు అది జారి చెఱువులో పడదు గదా? నాసి రాతిని కడిగి శుద్ధి చేయుటకు నీరెక్కడిది? కడిగిన బురదకు కట్ట కట్టు చోటేది? సరకు కొనువాడెవ్వడు, వాని కడకు చేర్చుటెట్లు? హోసపేట నుండి స్వామిహళ్ళి వైపు రైలు దారి లేకుండిన సండూరు కొండల కథ వేఱుగా నుండెడిది. ఒకప్పుడు ఈ ఖనిజము ఓడరేవులకు పోవుటయే ప్రధానము. 1994లో ఏర్పడిన జిందాల్ కంపెనీ తోరణగల్లున ఉక్కు కర్మాగారమును నిర్మించిన పిమ్మట కొనువాడు కొండ క్రిందనే వెలసెను.

గని తెఱచిన పిమ్మట సైతము ద్వారములు మూతపడవచ్చును. దోణిమలై లీజు గడువు 2018 నవంబరులో ముగిసినప్పుడు, దానిని పొడిగించుటకు రాష్ట్ర ప్రభుత్వము కోరిన అదనపు సొమ్మును గూర్చి భేదాభిప్రాయము వచ్చి పని నిలిచెను. 2021 ఫిబ్రవరిలో గాని మరల మొదలుకాలేదు. నలువది యేండ్లు నడచిన ప్రభుత్వ సంస్థ గనికే ఇట్లు జరిగినదనగా, కాగితముల మీది గడువులను గూడ రాతి పొరలంత శ్రద్ధగా చదువవలెనని తెలియుచున్నది.

ఇక, దశలను దాటవేసినచో ఏమగునో మన జిల్లా కండ్లార చూచినది. 2003 తరువాత చైనా కొనుగోళ్ళ వలన ఇనుప ఖనిజము ధర విపరీతముగా పెరిగెను. హద్దులు నిర్ణయింపక ముందే త్రవ్వినవారు, హద్దు దాటి త్రవ్వినవారు, అడవిలో మట్టిని కుమ్మరించినవారు బయలుదేరిరి. కర్ణాటక లోకాయుక్త 2008లోను, 2011లోను నివేదికలు సమర్పించెను. 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనుల పనిని నిలిపివేసెను. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థకు మాత్రము పరిమితముగా అనుమతి లభించెను. లీజులను ఎ, బి, సి అని మూడు వర్గములుగా విభజించిరి. 2013 ఏప్రిల్ 18 నాటి తీర్పు వలన సి వర్గములోని 51 లీజులు రద్దయ్యెను. మిగిలినవారు ప్రతి గనికిని భూమి పునరుద్ధరణ ప్రణాళిక సిద్ధపఱచి, దాని ప్రకారము నడచుకొనవలసి వచ్చెను. జిల్లా మొత్తమున ఏటికి తీయదగిన ఖనిజమునకు సైతము కోర్టు హద్దు విధించెను. ఆ పరిమితిని తరువాతి కాలమున సడలించిరి.

ఆ నిషేధ కాలమున నష్టపడినది తప్పు చేసినవారు మాత్రమే కాదు. లారీ కంతులు కట్టలేక అమ్ముకొన్న కుటుంబములు, దినకూలి పోయి వలస వెళ్ళినవారు మన చుట్టు పల్లెలలో నున్నారు. అప్పుడు అందఱును "గనులు మూసినందున కష్టము వచ్చెను" అనిరి. మొదట హద్దు రాళ్ళు పాతక, మట్టి ఎక్కడ పోయుదుమో నిర్ణయింపక, ఎంత తీయవచ్చునో లెక్కింపక గనులు తెఱచినందున కష్టము వచ్చెనని చెప్పుట న్యాయము. హద్దు కొలుచుట అన్వేషణలో మొదటి వారము చేయవలసిన పని. అది జరుగనందున సుప్రీంకోర్టు ఆజ్ఞ మీద అధికారులు పిమ్మట ఒక్కొక్క గనిని కొలువవలసి వచ్చెను.

నేడు చట్టము కొంత మాఱినది. 1957 నాటి గనుల చట్టమును 2015లో సవరించినప్పటి నుండి లీజులను వేలము ద్వారా ఇచ్చుచున్నారు. ఆ సవరణతోడనే జిల్లా ఖనిజ నిధి ఏర్పడెను. పాత లీజుదారులు తాము చెల్లించు రాయల్టీలో 30 శాతమునకు సమానమైన సొమ్మును, వేలములో పొందినవారు 10 శాతమునకు సమానమైన సొమ్మును అదనముగా ఈ నిధికి కట్టవలెను. గనుల వలన బాధపడు గ్రామముల నీటికి, వైద్యమునకు, చదువునకు దానిని వాడవలెను.

తల్లిదండ్రులు ముఖ్యముగా తెలిసికొనవలసిన దశ మఱొకటి యున్నది. అన్వేషణ ముగిసి గని తెఱచుటకు ముందు, పర్యావరణానుమతికై ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుపవలెనని 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన విధించుచున్నది. పెద్ద గనులలో చాలవాటికి ఇది తప్పనిసరి. కాలుష్య నియంత్రణ మండలి సభను ఏర్పాటు చేయును; కలెక్టరు గాని, ఆయన నియమించిన అధికారి గాని అధ్యక్షత వహించును. ప్రజలకు కనీసము ముప్పది దినముల ముందు పత్రికలలో తెలియజేయవలెను. గని వలన నీటికి, గాలికి, పొలములకు ఏమగునో తెలుపు నివేదికను కలెక్టరు కార్యాలయమున, జిల్లా పంచాయతీ కార్యాలయమున, జిల్లా పరిశ్రమల కేంద్రమున ఎవరైనను చూచునట్లు ఉంచవలెను. దాని సారాంశము ఆంగ్లమునను, రాష్ట్రపు అధికార భాషలో లేక స్థానిక భాషలోను ఉండవలెను.

ఇక్కడనే మన బోటి సరిహద్దు గ్రామములవారికి చిక్కు. మన రాష్ట్రపు అధికార భాష కన్నడము. సారాంశము కన్నడమున రావచ్చును, తెలుగున రాకపోవచ్చును. ఇంటిలో తెలుగే చదువ నేర్చిన తల్లి, లేక ఏ లిపియు రాని తాత, ఆ కాగితమును చేత పట్టుకొని ఏమి చేయుదురు? తెలియని దానికి భయపడి వలదనుటయో, తెలియకయే తల యూపుటయో జరుగును. నల్లమలలో యురేనియము కొఱకు బోర్లు వేయుదురన్నప్పుడు కలిగిన కలవరము ఎఱుగనిది కాదు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగా తీర్మానించెను. అక్కడి జనుల భయమునకు కారణము లేదని నేననను. అన్వేషణకును గనికిని భేదమేమి, ఏ బోరు తరువాత ఏమి వచ్చును అని వారి భాషలో ముందుగా వివరించి యుండినచో, అవుననినను కాదనినను, తెలిసి అనియుండెడివారు.

మన పాఠశాల విద్యార్థులు తెలుగును, కన్నడమును, ఆంగ్లమును మూడింటిని నేర్చుకొనుచున్నారు. పట్టణములలో ఒకే భాషలో చదువు పిల్లలకు లేని సాధనమిది. అట్టి సారాంశము ఊరికి వచ్చిన దినమున దానిని చదివి ఇంటివారికి తెలుగున చెప్పగలవారు వీరే. చదువునప్పుడు చూడవలసినవి కొన్ని కలవు: నిల్వ అంకె ఏ మెట్టు అన్వేషణ నుండి వచ్చెను, గని ఎన్నేండ్లు నడచునని వ్రాసిరి, మట్టి దిబ్బ ఏ వాగునకు ఎగువన వేయుదురు, లారీలు ఏ దారిని పోవును, బావుల నీటి మట్టమును ఏయే నెలలలో కొలిచిరి, వేసవిలోనా, వానల పిమ్మటనా, త్రవ్వుట ముగిసిన గోతిని ఏమి చేయుదురు, అందులకు సొమ్ము ఎక్కడ నిలువ యుంచిరి.

సభలో ఎవరైనను లేచి మాటాడవచ్చును, వ్రాతపూర్వకముగా ఇచ్చుకొనవచ్చును. జరిగినదంతయు చిత్రముగా తీయుదురు. ముగింపున, ఎవరెవరు ఏమేమి అనిరో ఆ సంగ్రహమును అధికారి స్థానిక భాషలో సభ్యులకు చదివి వినిపించి, పిదపనే సంతకము చేయవలెను. తమ మాట అందు లేకున్నచో, ఆ సంతకమునకు ముందే లేచి, చేర్పుమని అడుగవలెను.